మూడు దెబ్బలకి ఒకటి

ముందుగా ఒకటి ఒప్పేసుకుంటాను. మా అమ్మ ఫోన్ చేస్తే సగంసార్లు ఎత్తను. "మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా" అని ఒక మెసేజ్ పడేస్తాను. ఆ మీటింగూ ఉండదు, ఆ తర్వాతా రాదు. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో నాకు నిజంగా అబ్బిన విద్య ఇదొక్కటే. కాబట్టి ఈ కథలో ఎక్కడైనా నేను నా స్నేహితురాలు సంపూర్ణని వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, ఎందుకో మీకు ముందే తెలిసిపోయినట్టే.

సంపూర్ణ నాన్న బుల్లబ్బాయి వెల్డరు. గోదావరి దాటి ఏజెన్సీ కొండల్లోకి మూడు గంటలు బస్సులో ఎగిరెగిరి పడితే వచ్చే పులిమడుగు పవర్‌హౌస్‌లో ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఏటా వేసవిలో నీళ్ళు ఆపేసి, టర్బైను కింద ఉండే పెద్ద ఇనప గొట్టంలోకి ఒక మనిషిని దింపేవారు. లోపల చీకటి, ఉక్క, వెల్డింగు పొగ. ఆ దిగే మనిషి ఎప్పుడూ బుల్లబ్బాయే. పైన మ్యాన్‌హోల్ దగ్గర కూర్చునే మనిషి ఎప్పుడూ తమ్మారావే. ఆ గొట్టంలో మాట అర్థం కాదు, వంద ముక్కలై మోగుతుంది. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపలివాడు కాసేపటికోసారి సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. బతికే ఉన్నాను, నువ్వున్నావా అని. పైవాడు ఒక్క దెబ్బ కొట్టాలి. ఉన్నాను అని. మూడు రాకపోతే పైవాడు లోపలికి దిగాలి. ఒకటి రాకపోతే లోపలివాడు ఉన్నపళాన పైకి రావాలి. ఏ రిజిస్టరులోనూ రాసిలేని ఆ పద్ధతి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

సంపూర్ణకి పన్నెండేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ తర్వాత ఆ పద్ధతి ఇంట్లోకి కూడా వచ్చేసింది. పవర్‌హౌస్ నుంచి వాళ్ళ క్వార్టరుకి ఒక నీళ్ళ పైపు వచ్చేది. అది వంటింటి గోడ వెంబడి పోయి, బుల్లబ్బాయి గది మీదుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళేది. పొద్దున లేవగానే ఆయన తన గదిలోంచి పైపు మీద చెంబుతో మూడు దెబ్బలు కొట్టేవాడు. సంపూర్ణ వంటింట్లోంచి గరిటెతో ఒకటి కొట్టేది. రాత్రి పడుకునే ముందు మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. పైపు పొడుగునా ఆ చప్పుడు పవర్‌హౌస్ దాకా పాకేది. "అదిగో, తండ్రీకూతుళ్ళు అటెండెన్సు ఏసుకుంటన్నారు" అని డ్యూటీలో ఉన్న తమ్మారావు నవ్వేవాడు.

ఆ గొట్టంలో బుల్లబ్బాయి చేసే పనేమిటంటే, నీళ్ళు తినేసిన ఇనుముని మళ్ళీ నింపడం. టర్బైను రెక్కలు తిరిగే జోరుకి కొన్నిచోట్ల నీటి ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోతుంది. అక్కడ నీళ్ళు కాగకుండానే మరుగుతాయి, బుడగలు పుడతాయి. పుట్టిన బుడగ రెక్కని ఆనుకుని చితికిపోతుంది. చితికినప్పుడల్లా సూదంత సుత్తితో ఒక దెబ్బ. కోటి బుడగలు, కోటి దెబ్బలు. ఒకసారి ఆయన పాడైన రెక్క ముక్కొకటి ఇంటికి తెచ్చి కూతురికి చూపించాడు.

"చూడమ్మడూ, అట్టు మీద చిల్లుల్లాగ ఎలా తినేసిందో! ఇనుముని నీటిబుడగ కొరికిందంటే ఎవడన్నా నమ్ముతాడా?"

"బుడగలో అంత బలం ఎక్కడిది నాన్నా?"

"అది తెలిత్తే నేనెందుకే గొట్టంలో దూరడం? నువ్వు చదువుకుని చెప్పు."

చదువుకుంది. "మా నాన్న శత్రువు మీద పీహెచ్‌డీ చేశాను" అని స్నేహితులతో జోకు వేసేది కానీ, అది జోకు కాదు. ముప్ఫై ఒకటో ఏట ఒక పరిశోధన సంస్థ తరఫున మళ్ళీ పులిమడుగుకే వచ్చింది. అప్పటికి జలాశయం ఇసకతో పూడిపోయింది, పవర్‌హౌస్ మూతబడింది. కాలనీలో క్వార్టర్లన్నీ ఖాళీ. కింద నుంచి వచ్చే కరెంటు లైను తుఫానుకో స్తంభం చొప్పున కూలుతోంది. రిటైరైన బుల్లబ్బాయి, కాపలాకి మిగిలిన తమ్మారావు, కాలనీ చివర హెల్త్ సబ్‌సెంటర్లో నర్సు మార్తమ్మ, కొండ మీద మూడు గూడేలు. ఇంతే జనం. పాత మూడో యూనిట్ గుంటలో, బండరాళ్ళ మధ్య, సంపూర్ణ తన యంత్రం పెట్టింది.

అది గుమ్మడికాయంత గుండ్రటి ఉక్కు పాత్ర. దాని ఇంగ్లీషు పేరు ఒకటిన్నర లైను ఉంటుంది. తమ్మారావు ఒక్క చూపు చూసి "కుండ" అన్నాడు, ఆ పేరే స్థిరపడింది. నీళ్ళలో కరిగిన గాలంతా పోయేదాకా పదకొండు రోజులు మరగబెట్టి, చల్లార్చి, మళ్ళీ మరగబెట్టి కుండలో నింపాలి. చుట్టూ అమర్చిన స్పీకర్ల లాంటి బిళ్ళలు చెవికి అందని శబ్దంతో ఆ నీళ్ళని బిగించి పట్టుకోవాలి. అప్పుడు సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క బుడగ పుడుతుంది. సెకనుకి పాతికవేలసార్లు ఉబ్బుతుంది, చితుకుతుంది. చితికినప్పుడల్లా లోపల సూర్యుడి ఉపరితలం కంటే వేడి, చిటికెడు ప్లాస్మా, నీలంగా ఒక మిణుకు, దాని వెనకే ఒక షాక్‌వేవ్. ఆ షాక్‌వేవ్ నీళ్ళని తోస్తుంది, వేడి చేస్తుంది. ఆ వేడిలోంచి మళ్ళీ కరెంటు తీస్తే, పెట్టినదానికంటే వచ్చేది ఎక్కువ. ఎంత ఎక్కువ అంటే, మీటరు పాడైందేమోనని సంపూర్ణ మూడు మీటర్లు మార్చింది.

నాలుగో మీటరు తెస్తూ తమ్మారావు స్పానరు జారవిడిచాడు. అది సిమెంటు నేల మీద పడి రెండుసార్లు ఎగిరింది. చప్పుడు కాలేదు.

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తమ్మారావు దాన్ని తీసి మళ్ళీ పడేశాడు. మళ్ళీ పడేశాడు. ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, అంతే.

ఊరంతా కలిసి రోజంతా అరిచినా ఆ అరుపుల శక్తితో ఒక కప్పు టీ కాగదు, ఆ లెక్క సంపూర్ణకి తెలుసు. కుండ చప్పుళ్ళు తిని బతకడం లేదు. బుడగ గుండ్రంగా చితికితేనే లోపల మంట పుడుతుంది, కాస్త వంకర తిరిగినా నీళ్ళలో కలిసిపోతుంది. చుట్టూ పుట్టే ప్రతి చప్పుడూ దాన్ని వంకర తిప్పేదే. అందుకని తనని కదిపేదాన్నంతా అది లోపలికి లాక్కుని దాచేసుకుంటోంది. ఎలా అన్న దాని మీద ఆమె నోట్‌బుక్‌లో పదిహేడు పేజీలు ఉన్నాయి. పదిహేడో పేజీ చివర "ఏమో" అని ఉంది.

నాలుగు రోజులు నడిపి ఆపేశారు. ఆపిన నిమిషానికి అసలు విషయం బయటపడింది. దాచుకున్నదంతా కుండ తిరిగి ఇచ్చేసింది. ఎక్కడ పుట్టిన చప్పుడు అక్కడి నుంచే, పుట్టిన వరసలోనే వచ్చింది. నేల మీద స్పానరు లేదు, కానీ స్పానరు పడింది. అందరికంటే ముందు తేరుకున్నది బుల్లబ్బాయి. వింటూ వింటూ కంట్రోల్ రూమ్ వైపు వేలు చూపించాడు. అక్కడి నుంచి టక్, టకటక్, టక్ అని ఆగకుండా వస్తోంది.

"బాబాయ్," అంది సంపూర్ణ, "డ్యూటీ టైములో క్యారమ్సా?"

తమ్మారావు మెడ వెనక గోక్కున్నాడు. "అదండి... చెయ్యి కుదురుగా ఉండాలి కదండి పాపగారూ, ప్రాక్టీసండి, ఆయ్."

బుల్లబ్బాయి పడీపడీ నవ్వాడు. "అయితే ఇది దొంగముండ కాదే అమ్మడూ. దాపరికం మనిషి. అంతే."

నాలుగు రోజుల చప్పుళ్ళు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. ఎందుకంటే ఫ్యాను హోరు, వాన హోరు, మాటల మధ్య సాగదీతలు లాంటి నిలకడ చప్పుళ్ళు కుండలోనే కరిగిపోయాయి. నిశ్శబ్దం అసలు దాచుకోదు. టక్కున పుట్టినవే మిగిలాయి. దెబ్బ, చప్పట్లు, తుమ్ము, గిన్నె పడటం. సంపూర్ణ ఇదంతా రాసి పైకి పంపింది. ప్రాజెక్టు హెడ్ మైథిలి గారు ఫోన్ చేసి ఒకటే అడిగారు.

"ఆపితే కదా ఈ గొడవంతా? ఆపకపోతే?"

ఆపకుండా నడపడం మొదలైంది. కుండ కరెంటు కాలనీకి వచ్చింది, మూడు గూడేలకి పాకింది. మార్తమ్మ టీకాల ఫ్రిజ్ మూడు నెలల తర్వాత చల్లబడింది. మొదటి సాయంత్రం కొండ మీద వరసగా దీపాలు వెలుగుతుంటే సంపూర్ణ డాబా ఎక్కి చూసింది, లెక్కపెట్టింది, నలభై ఒకటి. ఆ సంతోషం అబద్ధమని ఎవరూ అనలేరు.

నిశ్శబ్దం రోజుకో పదడుగులు పెరుగుతూ పోయింది. ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి తమ్మారావు రోజూ పొద్దున చప్పట్లు కొట్టుకుంటూ నడిచి, చప్పుడు ఆగిన చోట సున్నంతో గీత గీసేవాడు. ముప్ఫయ్యో రోజుకి గీత సంపూర్ణ క్వార్టరుని దాటేసింది.

గీత లోపల బతకడం మొదట్లో సరదాగానే ఉంది. తర్వాత తెలిసింది, చెవులు ఎంత పని చేసేవో. కుళాయి కట్టేశామో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఆవిరి చూసి లెక్కపెట్టాలి. తుమ్మితే తల అదురుతుంది కానీ తుమ్ములా ఉండదు. అప్పడం నమిలితే అట్టముక్క. అన్నిటికంటే విడ్డూరం, ఒక్కతే ఉన్నప్పుడు తనలో తను మాట్లాడుకోవడం సంపూర్ణకి చిన్నప్పటి అలవాటు, ఇప్పుడు అదీ పోయింది. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడన్న సంగతి కళ్ళతో చూస్తే తప్ప తెలియడం లేదు. చూడటానికి ఆమె ఇంట్లో ఉండేది తక్కువ. ఉన్నా లాప్‌టాప్ వైపే చూసేది.

తండ్రి మంచం పక్కన ఒక స్విచ్ పెట్టింది. నొక్కితే ఆమె బల్ల మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. చూపించడానికి ఆయన్ని గీత అవతలికి, రేగుచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మాట్లాడాలంటే అక్కడికే వెళ్ళాలి మరి.

"ఎప్పుడు కావాలన్నా నొక్కు నాన్నా. వెంటనే వస్తా."

"నాకేం కావాలే? ఏదన్నా కావాలనా నేను పైపు కొట్టేది?"

"మరెందుకు కొడతావు?"

బుల్లబ్బాయి ఆమెకేసి అదోలా చూశాడు. ఇంత చదువుకున్నావు, ఇది తెలీదా అన్నట్టు. "ఉన్నానని," అన్నాడు. తర్వాత గీత వైపు చూసి నిట్టూర్చాడు. "కూతురితో మాట్టాడాలంటే పొలిమేర దాటాల్సొచ్చింది. ఆ కుండనోసారి ఆపకూడదేంటే? ఒక్కరోజు."

"ఆపితే మళ్ళీ నీళ్ళు తయారవడానికి పదకొండు రోజులు. టీకాలు పాడైపోతాయి. పోనీ నువ్వు మార్తమ్మగారి పక్క క్వార్టరుకి మారిపో, అక్కడ వినబడుతుంది."

"నువ్విక్కడుంటే నేనక్కడికెళ్ళి ఏం వినాలే?"

"ఇంకో రెండు వారాలు నాన్నా. కమిటీ వచ్చి వెళ్ళాక నీ దగ్గరే కూర్చుంటా."

"సరేలే," అన్నాడాయన. బాత్‌రూమ్‌లో కూడా ఒక స్విచ్ పెట్టాలని ఆమెకి ఆ రోజే తోచింది. ఫోన్లో రాసుకుంది కూడా. తర్వాత చేద్దామనుకుంది.

నలభై ఏడో రోజు సాయంత్రం బుల్లబ్బాయి బాత్‌రూమ్‌లో పడిపోయాడు. సంపూర్ణ ఇంట్లోనే ఉంది. గోడకి ఇవతల, వంటింట్లో, టీ పెట్టుకుంటోంది. టీ తాగింది, గ్లాసు కడిగింది, గ్రాఫ్ ఒకటి సరిచేసుకుంది. ఆయన టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్తే మనిషి లేడు.

మార్తమ్మ పరుగున వచ్చింది. చూడాల్సిందేదో చూసింది. తర్వాత సంపూర్ణని చెయ్యి పట్టుకుని గీత అవతలికి నడిపించుకెళ్ళి, అప్పుడు చెప్పింది.

"పెద్దాయన లేరమ్మా."

"పడగానేనా?"

మార్తమ్మ అబద్ధం చెప్పగలిగేదే. కానీ ముప్ఫై ఏళ్ళుగా నర్సు, అలవాటు లేదు. "వెంటనే కాదమ్మా. అరగంట ఉండుంటారు. ఎక్కువే ఉండొచ్చు."

ఆయన చెయ్యి పైపు వైపు చాచి ఉండటం సంపూర్ణ చూసింది. చేతి పక్కన ఇత్తడి చెంబు దొర్లి ఉంది. స్నానానికి వెళ్ళిన మనిషి పక్కన చెంబు ఉండటంలో వింతేముంది?

డప్పుల వాళ్ళు గూడెం నుంచి వచ్చారు. క్వార్టరు గుమ్మం నుంచి సున్నం గీత దాకా కొట్టుకుంటూనే నడిచారు. చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి, ఒక్క చప్పుడు లేదు. గీత దాటిన అడుగులో డప్పులన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పాడె మోస్తున్న తమ్మారావు ఉలిక్కిపడి తూలాడు. సంపూర్ణకి ఏడుపు వచ్చింది అప్పుడే. తన ఏడుపు తనకి వినబడేసరికి భయమేసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె కుండ ఆపలేదు.

అడిగినవాళ్ళకి టీకాలన్నది, నలభై ఒక్క దీపాలన్నది, కమిటీ అన్నది. అన్నీ నిజాలే. అసలు సంగతి వేరు. ఆయన కొట్టాడా? కొట్టి ఉంటే ఆ చప్పుడు కుండలో ఉంది. ఆపిన రోజు గోడలోంచి వస్తుంది. గోడకి ఇవతల టీ తాగుతూ తను వినని మూడు దెబ్బలు. కొట్టకపోయి ఉంటే, ఆయన స్పృహ లేకుండా హాయిగా పోయినట్టు. కుండ నడుస్తున్నంత కాలం రెండూ నిజమే కావచ్చు. ఆపితే ఒకటే మిగులుతుంది.

అందుకని ఆమె ఆ నిశ్శబ్దంలోనే తింది, పడుకుంది, లేచింది. తమ్మారావు రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గుమ్మంలో పెట్టి, ఫోన్లో మెసేజ్ కొట్టేవాడు. "తిన్నారా పాపగారు". ఆమె ఒక బొటనవేలి బొమ్మ పంపేది. అటెండెన్సు అయిపోయేది.

అరవై ఏడో రోజు గీత సబ్‌సెంటర్ దాటింది. ఆ మధ్యాహ్నమే జాజిగూడెం పండమ్మకి కాన్పు అయింది.

మార్తమ్మ సంపూర్ణ రెక్క పట్టుకుని రేగుచెట్టు దగ్గరికి కాదు, ఇంకా అవతలికి లాక్కుపోయింది. రేగుచెట్టు ఎప్పుడో లోపలికి వచ్చేసింది.

"బిడ్డ ఏడవలేదమ్మా! నోరు తెరిచింది, మొహం కందిపోయింది, నేను చూత్తానే ఉన్నాను, ఊపిరి ఆడతంది. కానీ పండమ్మకి ఏం తెలుత్తాది? చప్పుడు లేదు కదా. చచ్చిన బిడ్డ పుట్టిందనుకుని గుండెలు బాదుకుంది. ఆ బాదుకోడం కూడా ఇనపడలేదు. బిడ్డని తీసుకెళ్ళి దాని గుండెల మీద పడుకోబెట్టి, ఇదిగో ఎచ్చగా ఉంది చూడే అని సైగలు చెయ్యాల్సొచ్చింది. ముప్ఫై ఏళ్ళల్లో ఇలాంటి కాన్పు చెయ్యలేదమ్మా నేను."

సంపూర్ణ సబ్‌సెంటర్ కేసి తిరిగింది. మార్తమ్మ వదల్లేదు.

"టీకాల గురించేగా నీ దిగులు? ఐసు పెట్టెల్లో ఎట్టి బస్సులో కిందకి పంపేత్తాను. నువ్వాపెయ్యి." ఆగి, మెల్లిగా అంది. "నువ్వు దేనికి ఆపట్లేదో నాకు తెలుసమ్మా. ఆ చెంబు నేనూ చూశాను."

మైథిలి గారికి ఫోన్ చేస్తే ఆవిడ చాలాసేపు ఓపికగా మాట్లాడారు. వాయిదా పడ్డ కమిటీ సోమవారం వస్తోందన్నారు. దేశం అన్నారు. సంపూర్ణ అంతా విని, "మేడమ్, మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తాను" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున పదింటికి తమ్మారావుని కుండ దగ్గర నిలబెట్టి, తను క్వార్టరుకి వెళ్ళింది. వంటింట్లో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఫోన్లో "ఆపు బాబాయ్" అని పంపింది.

ముందు తన ఊపిరి వినబడింది. తర్వాత, కరెంటు పోయి ఆగబోతున్న ఫ్యాను. బయట ఎక్కడో పిట్ట. అవి ఇప్పటివి. ఆ తర్వాత మొదలైంది.

పవర్‌హౌస్ వైపు నుంచి స్పానర్లు, తలుపులు, తమ్మారావు పొద్దుటి చప్పట్లు. కాసేపు క్యారమ్స్. మొదటి రెండున్నర గంటలూ అంతే. పన్నెండున్నర దాటాక చప్పుళ్ళు ఇంటి లోపలికి వచ్చాయి. ఖాళీ పొయ్యి మీద గిన్నె మోగింది. ఎవరూ తియ్యని తలుపు గడియ పడింది. అప్పుడు నాన్న గదిలోంచి, పైపు మీద, టంగ్, టంగ్, టంగ్.

సంపూర్ణ నోరు చేత్తో మూసుకుంది. కొట్టేవాడా? వినబడదని తెలిసీ కొట్టేవాడా?

వెంటనే ఇంకో దెబ్బ. ఒకటే. కాస్త నెమ్మదిగా.

అది తనదే అనుకుంది ముందు. గరిటె తీసి ఎప్పుడు కొట్టానా అని గుర్తు చేసుకోబోయింది. అప్పుడు తట్టింది, తను కొట్టి ఉంటే అది వంటింట్లోంచి రావాలి. ఎక్కడ పుట్టింది అక్కడి నుంచే కదా వస్తుంది. ఇది గోడకి అవతలి నుంచి వచ్చింది. నాన్న గదిలోంచే.

కుక్కరు కూతలు, గ్లాసు చప్పుడు, తన తుమ్ము. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ అవతలి నుంచే నెమ్మదిగా ఒకటి. పొద్దున మూడూ ఒకటి, రాత్రి మూడూ ఒకటి. పదిహేడు రోజులు. ఒక్క పూట తప్పలేదు. తన వంతు కొట్టేసి, కూతురి వంతు కూడా ఆయనే కొట్టుకున్నాడు. పైవాడి దెబ్బ రాకపోతే లోపలివాడు పైకి వచ్చెయ్యాలి, అదీ పద్ధతి. ఆయన వచ్చెయ్యదలచుకోలేదు. అందుకని తనే ఒకటి కొట్టుకుని, కూతురు ఉందని చెప్పుకుని, ఉండిపోయాడు.

రెండు దాటుతుండగా బాత్‌రూమ్‌లో ఏదో బరువైనది పడింది.

సంపూర్ణ లేచి నిలబడింది. గోడకి రెండు చేతులూ ఆనించింది.

పైపు మీద చెంబు. టంగ్, టంగ్, టంగ్.

ఆ వెంటనే, ఆమె పక్కనే, వంటింటి గట్టు మీద గలగలా చప్పుడు. గ్లాసులో చెంచా. తను పంచదార కలుపుకుంటున్న చప్పుడు.

టంగ్, టంగ్, టంగ్.

గట్టు మీద గ్లాసు పెట్టిన చప్పుడు. తర్వాత లాప్‌టాప్ మీటలు, టకటకా, ఎంతసేపో. తనకి ఆ గ్రాఫ్ ఏమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు.

గోడ అవతలి నుంచి ఒక దెబ్బ. చాలా నెమ్మదిగా. ఒకటే.

ఆమె ఇంకా వింది. ఇంకేమీ రాలేదు. నిశ్శబ్దాన్ని కుండ దాచుకోదు కదా, ఆయన ఎంతసేపు ఎదురుచూశాడో చెప్పే చప్పుడు అందులో లేదు. ఆ వెంటనే గుమ్మంలోంచి డప్పులు లేచాయి, ఎవరూ లేని వాకిట్లో, ఆ రోజు గీత ఉన్న చోటుదాకా నడిచి వెళ్ళిపోయాయి.

మిగతా మూడు వారాలూ ఆమె నిలబడే వింది. అందులో ఆ ఇంట్లో ఒక్కరి చప్పుళ్ళే ఉన్నాయి. పావు తక్కువ నాలుగుకి, కాలనీ చివర సబ్‌సెంటర్ నుంచి, కేరుమని ఒక ఏడుపు వచ్చింది. కొత్తది, కోపంగా ఉంది. దాని వెనకే పండమ్మ గొంతు, ఇప్పటిది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "ఇదేనా! ఇదేనా అప్పుడేడిసింది!" అని అరుస్తోంది. ఆమె ఒళ్ళో ఉన్న బిడ్డ అప్పటి తన ఏడుపు విని మళ్ళీ ఏడుపు లంకించుకుంది.

తర్వాత అంతా అయిపోయింది. కుండ ఖాళీ.

సంపూర్ణ నాన్న గదిలోకి వెళ్ళింది. మంచం పక్కన స్విచ్ మీద దుమ్ము పేరుకుని ఉంది. బాత్‌రూమ్‌లోంచి చెంబు తెచ్చుకుంది. ఒక్క దెబ్బ కొడదామని చెయ్యెత్తింది. ఆయన అడిగినదానికి జవాబు. కానీ ఆ జవాబు ఆయనే కొట్టేసుకుని వెళ్ళాడు. ఇప్పుడు గొట్టం లోపల ఉన్నది ఎవరు?

పైపు మీద మూడు దెబ్బలు కొట్టింది.

పైపు కాసేపు మోగి ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది, కరెంటు లేదు కదా. ఆమె నిలబడింది. ఎంతసేపంటే చేతిలో చెంబు వేడెక్కేంతసేపు.

అప్పుడు ఎక్కడో దూరం నుంచి, పవర్‌హౌస్ వైపు నుంచి, పైపు పొడుగునా పాకుతూ ఒకటి వచ్చింది. స్పానరు దెబ్బ. ముప్ఫై ఏళ్ళు మ్యాన్‌హోల్ దగ్గర కూర్చున్న మనిషి చెయ్యి, ఎక్కడా తొందర లేదు.

ఒకటే.

కుండని ఇప్పుడు మనుషులెవరూ లేని చోటికి తరలిస్తారట. మనుషులు లేని చోట కరెంటు ఎవరికని సంపూర్ణ ఒక మెయిల్ పెట్టింది. జవాబు ఇంకా రాలేదు. పులిమడుగులో మళ్ళీ కిరోసిన్ దీపాలు, మళ్ళీ కూలిన స్తంభాలు, అయినా రోజుకి రెండుపూటలా పైపు మోగుతోంది.

ఇది రాయడం ముగించి నేను మా అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తలేదు. పది నిమిషాలకి మెసేజ్ వచ్చింది, "సీరియల్ చూస్తున్నా, తర్వాత చేస్తా" అని. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి చప్పుడు ఒకటి ఉండే ఉంటుంది. గుమ్మంలో చెప్పులు విదిలించడమో, గేటు గడియో, పక్కగదిలో ఊరికే దగ్గడమో. మీరు ఎప్పుడు విన్నారు, ఎప్పుడు వినలేదు, నాకు రాయండి. పొడుగ్గా అక్కర్లేదు. ఉన్నానని తెలిస్తే చాలు.